నీ కడుపు సల్లగుండ!

మొన్న మధ్యాహ్నం వాకిట్లో కొత్త కందులు చెరుగుతూ కూర్చున్నాను. ఎదురింటి వదినగారు వచ్చి, ఇంకో చేట అందుకుని తానూ రెండు దోసిళ్లు వేసుకున్నారు. చేతులు పని చేస్తుంటే నోరు ఊరుకోదు గదా! "అవును గాని వదినా, డిసెంబరు ముప్పై ఒకటి రాత్రి ఊరంతా కేకులు కోసుకుంట, పటాకులు కాల్చుకుంట ఉంటే మీరంతా పోయి గుడిలో కూసుంటరు. ఏం చేస్తరు అంతసేపు? థాంక్సు చెప్పుకుంటమంటరు. గంటలకు గంటలు చెప్పేటన్ని థాంక్సులు ఉంటయా ఎవరికన్నా?" అని అడిగారు.

అప్పటికేదో నాలుగు మాటలు చెప్పి ఊరుకున్నాను. కాని కందులు డబ్బాకెత్తేసరికి నా జవాబు నాకే చాలలేదు. ఆవిడ అడిగినది నిజంగా అడగవలసిన ప్రశ్న. అందుకని ఇవాళ మన కార్యక్రమంలో వేరే ఏదో మాట్లాడుదామనుకున్నదాన్ని, ఇదే విషయం ఎత్తుకున్నాను.

ముందు 'విచారణ' అంటే చెప్పాలి. ఈ మాట వినగానే చాలామందికి కోర్టూ పోలీసు స్టేషనూ గుర్తుకొస్తాయి. తెలుగు కతోలికుల వాడుకలో విచారణ అంటే ఒక గురువు, అంటే ఫాదరుగారు, బాగోగులు విచారించే ప్రాంతం. ఒక గుడి, దాని చుట్టూ ఉన్న కుటుంబాలు, దగ్గరి పల్లెల్లోని చిన్న చిన్న ప్రార్థనాలయాలు, అన్నీ కలిసి ఒక విచారణ. విచారణలన్నీ కలిస్తే మేత్రాసనం. మా నల్లగొండ మేత్రాసనం 1976లో ఏర్పడింది. హైదరాబాదు అగ్రమేత్రాసనంలోంచి కొంత, వరంగల్లు మేత్రాసనంలోంచి కొంత తీసి దీన్ని చేశారు. మొదటి పీఠాధిపతి మాథ్యూ చెరియంకున్నేల్‌గారు. నల్లగొండ, పాలమూరు వైపు పల్లెలు చాలావరకు దీని కిందికే వస్తాయి. 2016లో జిల్లాలు ముక్కలై సూర్యాపేట అనీ, నాగర్‌కర్నూలు అనీ, వనపర్తి అనీ కొత్త పేర్లు వచ్చాయి గాని మా విచారణ పెద్దమనుషులు ఇప్పటికీ "నల్లగొండ జిల్లా, పాలమూరు జిల్లా" అనే అంటారు.

ఇక ఆ రాత్రి సంగతి. మా గుడిలో పదిన్నరకు ఆరాధన మొదలవుతుంది. దివ్యసత్ప్రసాదాన్ని పీఠం మీద ఉంచి, కాసేపు మౌనంగా, కాసేపు పాటలతో, కాసేపు ప్రార్థనలతో గడుపుతాం. తరువాత ఫాదరుగారు విచారణ పుస్తకాలు తెస్తారు. ఇవి మన ఇంటి జమాఖర్చు పుస్తకం వంటివే. ఈ ఏడు ఎంతమంది పిల్లలకు జ్ఞానస్నానం అయింది, ఎన్ని పెళ్లిళ్లయ్యాయి, ఎంతమందిని మట్టిలో పెట్టి వచ్చాం, అన్నీ పేర్లతో చదువుతారు. పుట్టినవాళ్ల పేర్లు చదివేటప్పుడు వెనకనుంచి ఏదో ఒక పసిగుడ్డు కేరుమంటుంది, అందరం నవ్వుతాం. పోయినవాళ్ల పేర్లు వచ్చేసరికి గుడి అంతా సద్దుమణుగుతుంది. అన్నీ ఒకే గొంతుతో, ఒకే వరుసలో చదువుతారు. పన్నెండు కొట్టగానే గంటలు, కొత్త సంవత్సరం పూజ, ఆ తరువాత దీవెనలు, టీ, కేకు ముక్క.

పైకి ఇంతే. లోపలి విషయం వేరు.

కృతజ్ఞత అనే మాట చూడండి. 'కృత' అంటే చేసినది, 'జ్ఞ' అంటే ఎరిగి ఉండడం. ఎవరో మనకు చేసినదాన్ని ఎరిగి ఉండడమే కృతజ్ఞత. చాలా మంచి మాట. కాని మన ఇళ్లల్లో ఎవరన్నా అంటారా? కోడలు మంచినీళ్లిస్తే అత్త "కృతజ్ఞతలమ్మా" అంటే ఆ కోడలు హడలిపోతుంది. 'ధన్యవాదాలు' సభల్లో మైకు ముందుకు పరిమితమైంది. 'థాంక్స్' ఇంగ్లీషుతో పాటు వచ్చింది. మరి మన పెద్దవాళ్లు మేలు పొందినప్పుడు ఏమనేవాళ్లు? ఏమీ అనకుండా ఉండేవాళ్లా? ఉండేవాళ్లు కాదు. మా తెలంగాణా పల్లెల్లో ఎండనపడి వచ్చిన ముసలమ్మకు చెంబెడు సల్ల పోయండి, తాగి, మూతి తుడుచుకుని "నీ కడుపు సల్లగుండ బిడ్డా" అంటుంది. అదే ఆమె థాంక్సు. తీసుకున్న చేయి వెంటనే దీవించే చేయి అయిపోతుంది. పుచ్చుకున్నదానికి రసీదు ఇచ్చినట్టు కాదు, ఆమె దగ్గర ఉన్నది ఆమె తిరిగి ఇచ్చింది.

ఇది మన భాషలోనే ఉన్న విశేషం అనుకునేదాన్ని. తరువాత తెలిసింది, బైబిలు పుట్టిన హీబ్రూ భాషలో కూడా ఇంచుమించు ఇదే తీరని. వాళ్లలో 'బెరాఖా' అనే మాట ఉంది. దేవుడు మనిషికి ఇస్తే అది దీవెన. అదే మాట మనిషి దేవునికి చెప్తే స్తుతి, కృతజ్ఞత. యూదులు భోజనమైన తరువాత చెప్పుకునే ప్రార్థన అటువంటిదే. అలాటి భోజనపు ప్రార్థనల నుంచే మా పూజ ఎదిగింది. గ్రీకులో దానికి 'యూఖరిస్తియా' అని పేరు పెట్టారు, అర్థం కృతజ్ఞత చెప్పడం. అంటే మా వదినగారు అడిగినట్టు ఏడాదికొక్క రాత్రి కాదు, ప్రతి ఆదివారమూ మేము చేసే పనికి పేరే థాంక్సు చెప్పడం. పేరు అదైనంత మాత్రాన మనసు కూడా అదే చేస్తోందని నేననడం లేదు. సగం ఆదివారాలు నా మనసు స్టవ్ మీద పెట్టి వచ్చిన పప్పు మీద ఉంటుంది.

సంవత్సరాంతానికి మాత్రం ప్రత్యేకంగా ఒక పాట ఉంది. 'తేదేయుం' అంటారు, లాటినులో దాని మొదటి రెండు మాటలవి. నాలుగో శతాబ్దం నాటిది. అంబ్రోసు మహాత్ముడు అగస్తీనుకు 387లో జ్ఞానస్నానం ఇచ్చేటప్పుడు ఇద్దరూ చెరొక చరణం అందుకుంటూ ఆశువుగా పాడారని పాతవాళ్ల కథ. పండితులు దాన్ని ఒప్పుకోరు, నికేతాసు అనే వేరే బిషప్పుగారు రాసి ఉంటారంటారు. ఎవరు రాస్తేనేం, పదహారు వందల ఏళ్లుగా పాడుతున్నారు. డిసెంబరు 31న దీన్ని పదిమందితో కలిసి పాడేవారికీ, జనవరి 1న పరిశుద్ధాత్మను ఆహ్వానించే మరో పాట పాడేవారికీ ప్రత్యేకమైన ఆత్మీయ ఫలం ఉన్నదని శ్రీసభ ప్రకటించింది కూడా. మా అత్తగారు చిన్నతనంలో లాటినులోనే విన్నారట. అర్థం తెలియదు గాని రాగం ఇప్పటికీ కూనిరాగం తీస్తారు. 1962 నుంచి 1965 వరకు జరిగిన రెండో వాటికన్ మహాసభ తరువాత పూజ తెలుగులోకి వచ్చింది, పాటలూ తెలుగయ్యాయి.

ఈ పాటకు చెడ్డపేరూ లేకపోలేదు. ఐరోపాలో రాజులు యుద్ధం గెలిచినప్పుడల్లా దీన్ని పాడించేవాళ్లు. 1759లో వచ్చిన 'కాండీడ్' అనే పుస్తకంలో వోల్టేరు ఎగతాళి చేశాడు: వేలమంది చచ్చిపడి ఉండగా ఇద్దరు రాజులూ ఎవరి శిబిరంలో వారు ఈ పాటే పాడించుకున్నారని! నాకు ఆ ఎగతాళి న్యాయంగానే తోస్తుంది. ఎదుటివాడు నష్టపోయినందుకు దేవునికి థాంక్సు చెప్పే అలవాటు రాజులకేనా? "మా వాడికి సీటొచ్చింది, వాళ్లవాడికి రాలేదు, అంతా దేవుని దయ" అని మనమూ అంటూనే ఉంటాం గదా.

ఇంతకన్నా గట్టి ప్రశ్న ఇంకొకటి ఉంది. అది వోల్టేరు కాదు, మా విచారణలోనే ఒక అమ్మాయి అడిగింది. ఆమె భర్త ఆ ఏడు వానాకాలంలో పోయాడు. చిన్న వయసు, ఇద్దరు పిల్లలు. ముప్పై ఒకటి రాత్రి గుడికి వచ్చింది గాని మెట్ల మీదే కూర్చుండిపోయింది. నేనూ మరో ఇద్దరం లోపలికి రమ్మని పిలిచాం. "నేనొచ్చి ఏమని థాంక్స్ చెప్పాలక్కా? మీరందరు చెప్తుంటే నా నోట్ల నుంచి ఏమొస్తది?" అన్నది.

మా దగ్గర జవాబు లేదు. దేవుడు చేసేది అంతా మన మంచికే అని అనబోయి, అదృష్టవశాత్తూ అనలేదు. అటువంటి మాటలు చెప్పేవాళ్లకు తేలిక, వినేవాళ్లకు రంపపుకోత. ఇంతలో గుడి ఊడ్చే పెద్దమ్మ వచ్చి ఆ పిల్ల పక్కన కూలబడింది. "నువ్వు చెప్పకు బిడ్డా. ఎవరు చెప్పుమన్నరు నిన్ను? మేం చెప్తం. నువ్వు ఉత్తగ కూసో" అన్నది. చేయి పట్టుకుని లోపలికి తీసుకుపోయి తన పక్కనే కూర్చోబెట్టుకుంది. ఆ పిల్ల రాత్రంతా పెదవి విప్పలేదు. పేర్లు చదివేటప్పుడు ఆమె భర్త పేరూ చదివారు. అందరం లేచి నిలబడ్డాం.

ఆ తరువాత నేను ఆ పాటను మళ్లీ చూశాను. మొదటి నుంచీ 'మేము' 'మేము' అనే ఉంటుంది. 'నేను' లేదు. పైగా మొదటి సగం స్తుతి అయితే రెండో సగానికి వచ్చేసరికి బతిమాలడం మొదలవుతుంది: కాపాడు, దయచూడు అని. అంతా అయ్యాక, చిట్టచివరి చరణంలో మాత్రం లాటినులో ఉన్నట్టుండి 'నేను' వస్తుంది. ఆ ఒక్క మనిషి చెప్పుకునేది కూడా కృతజ్ఞత కాదు. నిన్ను నమ్ముకున్నాను, నన్ను సిగ్గుపడనీయకు అనే అర్థంలో ఒక వేడికోలు. కృతజ్ఞత చెప్పే భారం గుంపు మోస్తుంది. ఒంటరి మనిషికి ఒక్క వేడికోలు మిగిల్చారు. రాసినవాడెవరో గాని మెట్ల మీద కూర్చున్నవాళ్లను చూసి ఉంటాడు.

మా ప్రాంతం సంగతి తెలిసినవాళ్లకు ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. ఇవి మెట్ట నేలలు. నాగార్జునసాగర్‌కు 1955లో శంకుస్థాపన జరిగి 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు పచ్చబడ్డాయి. దేవరకొండ, మునుగోడు వైపు ఆ కాలువ ఎక్కలేదు. ఒకే జిల్లా, ఒకే మేత్రాసనం. డిసెంబరు ఆఖరుకు ఒకరి ఇంట్లో వడ్ల బస్తాలు, ఇంకొకరి ఇంట్లో నాలుగు కుంచాల కందులు, కొన్ని ఆముదాలు. పాలమూరు పల్లెల్లో అయితే ఆ సమయానికి మనుషులే ఉండేవారు కాదు. దసరా దాటగానే మేస్త్రీల వెంట వలస పోయేవాళ్లు. దేశంలో ఎన్ని ఆనకట్టలు 'పాలమూరు లేబరు' చెమటతో లేచాయో! మునుపటంత కాకపోయినా ఇప్పటికీ పోయేవాళ్లున్నారు. అందుకని మా ప్రార్థనల్లో "ఇక్కడ లేనివారి పేరున" అనే మాట తప్పకుండా ఉంటుంది. ముసలివాళ్లు కొడుకూ కోడలూ తరఫున తామే కొవ్వొత్తి వెలిగిస్తారు.

పూజలో అర్పణల సమయంలో పంటలో కొంత తెచ్చి పీఠం దగ్గర పెట్టడం ఆనవాయితీ. కందులు, జొన్నలు, పల్లికాయ, గుమ్మడికాయ, కోడిపెట్ట కూడా. ఆరతి ఇచ్చే ఆడవాళ్లు ముందు నడుస్తారు. ఇదేమిటి, హిందువుల పద్ధతి గదా అని కొందరంటారు. మన దేశపు అంజలి, ఆరతి వంటివాటిని పూజలో వాడుకోవచ్చునని 1969లోనే రోము నుంచి అనుమతి వచ్చింది.

ఒక ఏడు మర్రిగూడెం వైపు నుంచి వచ్చి మా ఊళ్లో కూతురి దగ్గర ఉంటున్న ఒక అవ్వ, అర్పణల వరుసలో చెంబుతో నీళ్లు తెచ్చింది. ఉట్టి నీళ్లు. ఆమె నడుము వంగిపోయి ఉంటుంది, మోకాళ్లు చాపరావు. ఆ వైపు ఊళ్ల నీటిలో ఫ్లోరైడు ఎంత పని చేసిందో మీరు పేపర్లలో చదివే ఉంటారు. లీటరు నీటిలో ఒకటిన్నర మిల్లీగ్రాములు మించకూడని పదార్థం, అక్కడి బావుల్లో, బోర్లలో దానికి ఎన్నో రెట్లు ఉండేది. ఎముకలూ పళ్లూ పాడయ్యేవి. పటికా సున్నమూ బ్లీచింగు పొడీ కలిపి దాన్ని తగ్గించే పద్ధతిని నాగపూరులోని నీరీ సంస్థవారు రూపొందిస్తే దానికి 'నల్లగొండ పద్ధతి' అనే పేరే స్థిరపడి, ఆఫ్రికా దేశాల దాకా పోయింది. మన ఊరి పేరు ప్రపంచానికి తెలిసినందుకు సంతోషించాలో ఏడవాలో తెలియదు. తరువాత నల్లాల్లో కృష్ణా నీళ్లు వచ్చాయి. వంగిన ఎముక నీళ్లు మారినంత మాత్రాన నిటారు కాదు, కాని కొత్తగా పుట్టే పిల్లలకు ఆ బాధ తప్పుతుంది.

ఫాదరుగారు చెంబు అందుకుని "ఏందవ్వా ఇది?" అన్నారు. "నా మనుమరాలు తాగే నీళ్లు సామీ. దాని పండ్లు తెల్లగున్నయి. దేవునికి సూపెడ్తనని తెచ్చిన" అన్నది. పూజలో ద్రాక్షరసంలో ఒక చుక్క నీరు కలుపుతారు. ఆ రోజు ఆ చుక్క ఆ చెంబులోంచే తీసుకున్నారాయన.

ఇంకొక సంగతి చెప్పకుండా దాటలేను. నా చిన్నప్పుడు మేమున్న ఒక ఊళ్లో, పేరు ఎందుకు లెండి, కృతజ్ఞతార్పణలు ఎవరు ఎంత ఇచ్చారో మైకులో చదివేవాళ్లు. పెద్ద మొత్తాలు ముందు, చిన్నవి తరువాత. మా అమ్మ ఇచ్చింది అడ్డెడు కందులు. ఆ జాబితాలో కందులకు చోటే లేదు, పైసలకే. అమ్మ ఆ సాయంత్రం నోరు తెరవలేదు. మరుసటి ఏడు ఇల్లు ఊడ్చినట్టు చేసి ఒక నోటు పట్టుకుపోయింది, పేరు చదివారు. ఆ జనవరి నెల మేం ఎట్లా తిన్నామో నాకు తెలుసు. గుడి పెట్టెలో రెండు చిన్న కాసులు వేసిన పేద విధవరాలిని యేసు మెచ్చుకున్న కథ ప్రతి ఏడూ చదివే చోటే ఇట్లా జరిగింది. ఇప్పుడు మా విచారణలో పేర్లు చదవడం మానేశారు. మూసిన కవరు, మూసిన సంచీ. ఫాదరుగారు ఆఖరున అందరికీ థాంక్స్ చెప్పేటప్పుడు పాటలవాళ్లకు, మైకువాళ్లకు, లైట్లవాళ్లకు చెప్పి ఆగేవారు. గుడి ఊడ్చేవాళ్లూ, పూలు కట్టేవాళ్లూ, టీ కాచేవాళ్లూ లెక్కలోకి వచ్చేవారు కాదు. మహిళా సంఘంవాళ్లం ఒకసారి నవ్వుతూనే గుర్తుచేశాం. ఇప్పుడు వాళ్లను ముందు చెప్తున్నారు. ఇంట్లో కూడా ఇటువంటి నవ్వుతూ గుర్తుచేయడం అవసరమే!

పన్నెండు దాటాక దీవెనల సంగతి. నిజానికి జనవరి 1 శ్రీసభకు సంవత్సరాది కానే కాదు. మా ఆరాధనా సంవత్సరం క్రిస్మసుకు నాలుగు ఆదివారాల ముందే మొదలవుతుంది. తెలుగువాళ్లకేమో ఉగాది. జనవరి ఒకటి రోమనుల పండుగ, జూలియస్ సీజరు క్రీస్తుకు పూర్వం 45లో సవరించిన పంచాంగం నాటిది. ఆ రోజు రోమనులు తాగి తందనాలాడుతూ కానుకలు ఇచ్చిపుచ్చుకుంటుంటే, అగస్తీను మహాత్ముడు తన ప్రజలతో, వాళ్లు కానుకలిస్తే మీరు పేదలకు దానమివ్వండి, వాళ్లు తాగితే మీరు ఉపవాసముండండి అనే అర్థం వచ్చేట్టు బోధించాడు. పదహారు వందల ఏళ్లయినా ముప్పై ఒకటి రాత్రి సమస్య అదే. మన రోడ్ల మీద మోటారు సైకిళ్ల గోల చూస్తున్నాం గదా.

ఆ రోజు మాకు మరియమాత 'దేవమాత' అనే పేరుతో మహోత్సవం. ఆ పేరు 431లో ఎఫెసు మహాసభలో స్థిరపడింది. క్రిస్మసుకు ఎనిమిదో రోజు గనుక, బిడ్డకు పేరు పెట్టిన రోజు కూడా అదే. మనం ఇరవై ఒకటో దినం చేసుకున్నట్టు యూదులకు ఎనిమిదో దినం. 1968 నుంచి, ఆరవ పౌలు పోపుగారు మొదలుపెట్టిన ప్రకారం, ఆ రోజే ప్రపంచ శాంతి దినం.

అయితే నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఆ పూజలోని మొదటి పఠనం. సంఖ్యాకాండం ఆరో అధ్యాయం. ప్రజలను ఎట్లా దీవించాలో దేవుడు అహరోను వంశపు యాజకులకు నేర్పిన దీవెన అది. హీబ్రూలో మూడే పంక్తులు. మొదటి పంక్తిలో మూడు మాటలు, రెండో దాంట్లో అయిదు, మూడో దాంట్లో ఏడు. చుక్కల ముగ్గు వేసేవాళ్లకు చెప్పనక్కరలేదు: మూడు, అయిదు, ఏడు! మొదటి వరుస కాపాడమని, రెండోది దేవుని ముఖకాంతి పడాలని, మూడోది శాంతి కలగాలని. వినేది జనమంతా అయినా అక్కడ 'మిమ్మల్ని' అని ఉండదు, 'నిన్ను' అని ఉంటుంది. వెయ్యిమంది ఉన్నా ఒక్కొక్కరి నెత్తిన వేరే చెయ్యి పెట్టినట్టు. దాని వెంటనే మేము పాడే 67వ కీర్తన ఆ దీవెన మాటలనే తీసుకుని 'మమ్మల్ని' అని మార్చుకుంటుంది, భూమి పంటనిచ్చింది అని చెప్పుకుంటుంది. కందులు ఇంటికొచ్చిన వారంలో ఆ పాట వింటుంటే, అది పాలస్తీనాలో పుట్టిందంటే నమ్మబుద్ధి కాదు.

ఈ దీవెన గురించి ఇంకో ముచ్చట. 1979లో గాబ్రియేల్ బర్కాయ్ అనే పురాతత్త్వ శాస్త్రవేత్త జెరూసలేములో ఒక పాత సమాధి గుహ తవ్విస్తుంటే రెండు చిన్న వెండి చుట్టలు దొరికాయి. సిగరెట్టు పీకంత ఉంటాయి. విరిగిపోకుండా వాటిని విప్పడానికి మూడేళ్లు పట్టింది. పెద్దది విప్పితే పొడవు పది సెంటీమీటర్లకు లోపే, చిన్నది నాలుగు. వాటి మీద సూదిమొనతో గీసినట్టు ఈ దీవెన మాటలున్నాయి. దాదాపు రెండు వేల ఆరు వందల ఏళ్ల కిందటివి. బైబిలు మాటలున్న వస్తువుల్లో ఇప్పటివరకు దొరికినవాటిలో ఇవే పాతవి. చుట్ట మధ్యలో దారం దూరేంత సందు ఉంది. అంటే ఏమన్నమాట? తాయెత్తు! మెడలోనో దండకో కట్టుకున్న తాయెత్తు. ఎవరి కోసం ఎవరు చేయించారో. నాకైతే కొడుకు దూరం పోతుంటే ఒక తల్లి కట్టినట్టే అనిపిస్తుంది. మా పాలమూరు తల్లులు బస్సెక్కే పిల్లల చేతికి దారం కట్టరూ, అట్లా.

ఆ దీవెన గుడిలో యాజకుడిది. ఇంటికొచ్చాక అది మనది. పూజ అయి ఇల్లు చేరేసరికి ఒకటిన్నర దాటుతుంది. పిల్లలకు నిద్ర ముంచుకొస్తుంటుంది. అయినా పడుకోబోయే ముందు వరుసగా వచ్చి తాతకూ నానమ్మకూ దండం పెడతారు, వాళ్లు నుదుట బొటనవేలితో సిలువ గుర్తు వేసి తోచిన మాట అంటారు. తల్లిదండ్రులు పిల్లలను దీవించే ప్రార్థనను 1984లో వచ్చిన శ్రీసభ దీవెనల గ్రంథంలో చేర్చారు గూడా. అది చదివి మా అత్తగారికి చెప్తే "ఇన్ని రోజులు అడుగకుండనే చేసినమా?" అని నవ్వారు. ఒక ఏడు మా అబ్బాయి, అప్పుడు ఎనిమిదో తరగతి, నానమ్మ దీవించగానే ఆమె నుదుట తానూ సిలువ గుర్తు వేశాడు. చిన్నవాడు పెద్దవాళ్లను దీవించడం ఏమిటని మేం కంగారుపడ్డాం. ఆమె మాత్రం కొంగుతో కళ్లొత్తుకుని "నన్ను దీవించెటోళ్లు పోయి ముప్పై ఏండ్లాయె" అన్నారు. పెద్దవాళ్లయ్యాక దీవించేవాళ్లు ఉండరు అనే సంగతి నాకు అప్పటిదాకా తట్టలేదు.

మా పక్కవీధి బాప్టిస్టువాళ్లది ఇంకో ఆనవాయితీ. నల్లగొండలో బాప్టిస్టు మిషను 1890లో, రష్యా నుంచి వచ్చిన అబ్రహాం ఫ్రీసెన్ అనే మెన్నోనైటు దొరతో మొదలైంది. వాళ్లూ ఆ రాత్రి మెలకువగా ఉంటారు. ఈ జాగరణ జర్మనీలోని మొరావియన్ సంఘంలో 1733లో మొదలై, 1740లో జాన్ వెస్లీ దగ్గరికి వచ్చి, అక్కడి నుంచి లోకమంతా పాకింది. ఆ రాత్రి వాళ్ల ఇళ్లల్లో 'వాగ్దానం' కార్డులు పంచుకుంటారు, ఒక్కొక్కరికి ఏడాది పొడుగునా దగ్గర పెట్టుకోవడానికి ఒక్కొక్క వాక్యం. ఇప్పుడు మా వాళ్లూ కొందరు పంచుతున్నారు. మా ఫ్రిజ్ మీద అటువి ఇటువి రెండూ అంటించి ఉన్నాయి. దేవునికి పట్టింపు ఉన్నట్టు లేదు.

ఇవన్నీ నిన్న మళ్లీ చేటలు ముందేసుకుని వదినగారికి చెప్పాను. అంతా విని, "మేం రావచ్చునా మరి?" అన్నారు. నిక్షేపంగా రావచ్చు. చెప్పులు బయట విడిచి, ఆడవాళ్లవైపు ఎక్కడైనా కూర్చోవచ్చు. సత్ప్రసాదం మాత్రం మా సభ్యులే తీసుకుంటారు, అప్పుడు కూర్చునే ఉంటే సరిపోతుంది. దీవెన అందరికీ. చలి ఉంటుంది గనుక శాలువా తెచ్చుకోండి, చిన్నపిల్లలుంటే పదకొండు దాటాక వచ్చినా ఎవరూ ఏమనుకోరు.

వదినగారు చెరిగిన కందుల్లోంచి ఒక దోసెడు పక్కకు తీసి కొంగులో పోసుకున్నారు. "ఇవి నావంతు, నేనే తెస్త. పేరు మాత్రం చదవనియ్యకుర్రి" అన్నారు.